సాలమన్ గనులను తవ్వింది ఎవరు? విక్టోరియా కాలపు సాహస నవలలు, తొలి సైన్స్ ఫిక్షన్

రేపల్లె రవి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. రైడర్ హాగర్డ్ రాసిన 'కింగ్ సాలమన్స్ మైన్స్' ఈ మధ్యే పూర్తి చేశాను. 1885 నాటి నవల. పట్టుకుంటే వదలబుద్ధి కాలేదు. ఎడారిలో నీళ్ల కోసం వెతుకులాట, మంచు కొండ గుహలో మూడు వందల ఏళ్లుగా గడ్డకట్టి కూర్చున్న పోర్చుగీసు మనిషి శవం, చివర్లో రాతి తలుపు దిగిపోయి వజ్రాల గదిలో ముగ్గురూ ఇరుక్కుపోవడం... నిద్ర పట్టనివ్వలేదు.

కానీ చదువుతున్నంతసేపూ ఒక విషయం గుచ్చుతూనే ఉంది. ఆఫ్రికాలో కుకువానా అనే కల్పిత దేశంలో అడుగుపెట్టగానే కొండను తొలిచి వేసిన పెద్ద రోడ్డు కనిపిస్తుంది. రోడ్డు చివర మూడు భారీ రాతి విగ్రహాలు, వాటి దగ్గరే గనులు. తరతరాలుగా అక్కడే బతుకుతున్న కుకువానా జనం మాత్రం వీటిలో ఏదీ కట్టలేదట! ఏ ఫినీషియన్లో (లెబనాన్ తీరపు పాత సముద్ర వర్తకులు), బైబిల్ రాజు సాలమన్ పంపిన పనివాళ్లో వచ్చి కట్టి వెళ్లిపోయి ఉంటారని మన కథానాయకులు తేల్చేస్తారు. తర్వాత వచ్చిన 'షీ' లోనూ ఇదే వరస. కోర్ మహానగరం కట్టిన జాతి వేరు, ఇప్పుడు ఆ సమాధి గుహల్లో ఉంటున్న జనం వేరు.

ఇది హాగర్డ్ ఒక్కడి ఊహేనా, లేక అప్పట్లో ఇంగ్లండులో అందరూ ఇలాగే అనుకునేవాళ్లా? తెలిసినవాళ్లు చెప్పండి. ఈ కోవలో ఇంకేం చదవొచ్చో కూడా చెబితే సంతోషం.

---

లెనిన్ సెంటర్ పాత పుస్తకాలు

రవి గారూ, ముందు ఆ పుస్తకం ఎలా పుట్టిందో చెబుతాను. స్టీవెన్సన్ 'ట్రెజర్ ఐలండ్' (మన నండూరి రామమోహనరావు గారి 'కాంచనద్వీపం') 1883లో పుస్తకంగా వచ్చి ఇంగ్లండును ఊపేసింది. అందులో ఏముంది గొప్ప అని హాగర్డ్ అంటే, అందులో సగం బాగున్నదైనా రాసి చూపించమని వాళ్లన్నయ్య పందెం కాశాడు. వారాల్లో రాసి పారేశాడు. ప్రచురణకర్తలు క్యాసెల్ వాళ్లు రెండు దారులు చూపించారు. వంద పౌండ్లు తీసుకుని హక్కులు ఇచ్చేయడం, లేదా అమ్మకాల మీద పది శాతం. హాగర్డ్ వంద పౌండ్లకే సరే అనబోతుంటే, యజమాని గదిలో లేని సమయం చూసి అక్కడున్న గుమాస్తా ఆపాడట. 'నేనైతే రాయల్టీకే ఒప్పుకుంటాను' అన్నాడట. ఆ ఒక్క మాటతో హాగర్డ్ జాతకం మారిపోయింది. మొదటి ఏడాదే దాదాపు 31,000 ప్రతులు అమ్ముడుపోయాయి. ఇంతటి అద్భుతమైన పుస్తకం మరొకటి రాలేదంటూ లండన్ వీధుల్లో రాత్రికి రాత్రి పోస్టర్లు వేశారు.

ఇంకో సంగతి. హాగర్డ్ ఆఫ్రికా చూడకుండా రాసినవాడు కాదు. 19 ఏళ్లకే, 1875లో దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్లాడు. 1877లో పక్కనున్న డచ్చి వలసదారుల దేశం ట్రాన్స్‌వాల్‌ను బ్రిటిష్ వాళ్లు కలిపేసుకున్నప్పుడు ప్రిటోరియాలో జెండా ఎగరేసిన వాళ్లలో ఒకడు. 'అలన్ క్వాటర్‌మెయిన్' నవల్లో గొడ్డలి పట్టుకుని తిరిగే ఉమ్‌స్లోపోగాస్ కూడా హాగర్డ్ తన కళ్లతో చూసిన ఒక స్వాజీ యోధుడే.

---

డర్బన్ నుంచి శ్రీను

రవి గారి ప్రశ్నకు నేను జవాబు చెప్పాలి. ఎందుకంటే ఆ కథ చెప్పే ముసలి వేటగాడు క్వాటర్‌మెయిన్ ఇల్లు ఈ ఊళ్లోనే, బెరియా అనే గట్టు మీద. ఇప్పుడు అక్కడంతా అపార్ట్‌మెంట్లు, ఆసుపత్రులు. హాగర్డ్ నాటాల్ వచ్చేనాటికి ఇక్కడి చెరకు తోటల్లో మనవాళ్లు ఉన్నారు. మద్రాసు నుంచి కూలీలతో మొదటి ఓడ 'ట్రూరో' 1860 నవంబరు 16న ఈ రేవులోనే ఆగింది. అలా వచ్చిన తెలుగు కుటుంబాల వాళ్లు ఇప్పటికీ ఉన్నారు, ఉగాది చేసుకుంటారు.

ఇక అసలు విషయం. హాగర్డ్ ఒక్కడి ఊహ కాదండీ. ఆ కాలపు 'సైన్సు' అదే చెప్పేది. నవలకు 14 ఏళ్ల ముందు, 1871లో, కార్ల్ మౌఖ్ అనే జర్మన్ అన్వేషకుడు ఇప్పటి జింబాబ్వేలో ఉన్న రాతి కట్టడాల దగ్గరికి చేరుకున్నాడు. గ్రేట్ జింబాబ్వే అంటాం కదా, అవే. అక్కడ ఒక గుమ్మం మీది దూలం నుంచి చెక్కముక్క ఒకటి గీకి తీశాడు. దాని రంగు, వాసన తన పెన్సిల్ చెక్కలాగే ఉన్నాయి. పెన్సిల్ దేవదారుతో చేస్తారు కాబట్టి ఇదీ దేవదారే, లెబనాన్ నుంచే వచ్చి ఉండాలి, అక్కణ్ణుంచి తెప్పించింది ఫినీషియన్లే, కాబట్టి ఇది సాలమన్‌ను చూడవచ్చిన షీబా రాణి భవనం! ఇంతే ఆయన సాక్ష్యం. తర్వాత తేలిందేమిటంటే అది అక్కడ పెరిగే స్థానిక చెట్టు కలపే.

నేను ఆ కట్టడాలు చూశాను. సున్నం లేదు, మట్టి అడుసు లేదు. చెక్కిన గ్రానైట్ ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయారు. కొన్నిచోట్ల గోడ 11 మీటర్ల దాకా లేచింది. పెద్ద ప్రాకారం పై అంచున ఒక పక్కంతా రాళ్లను ఏటవాలుగా, వంకీలు వంకీలుగా పేర్చిన పట్టీ ఉంటుంది. దాని కింద నిలబడి తలెత్తి చూస్తే, ఆ మేస్త్రీలు ఎంత తీరిగ్గా, ఎంత ఇష్టంగా పనిచేశారో అర్థమవుతుంది. అది కట్టింది ఇప్పటి షోనా జనం పూర్వీకులు, సుమారు 11వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం మధ్య. బంగారం, ఏనుగు దంతాలు సోఫాలా రేవు మీదుగా సముద్రం దాటేవి. చైనా పింగాణీ, మన దేశపు గాజు పూసలు ఇటు వచ్చేవి. అవన్నీ తవ్వకాల్లో దొరికాయి.

కడుపు మండేది దీని తర్వాతి కథకు. బ్రిటిష్ గనుల వ్యాపారి సెసిల్ రోడ్స్ మనుషులు ఆ నేలను ఆక్రమించాక, 1895లో శిథిలాల్లో బంగారం తవ్వుకోవడానికే ఒక కంపెనీ పెట్టారు. దొరికిన నగలు కరిగించేశారు. ఆ తర్వాత హాల్ అనే ఆయనకు శిథిలాల బాధ్యత అప్పగిస్తే, అసలు కట్టడాలను 'శుభ్రం' చేస్తానని నల్లవాళ్లు నివసించిన ఆనవాళ్లున్న మట్టి పొరలన్నీ అడుగుల లోతున ఎత్తి పారబోయించాడు. ఎవరు కట్టారో చెప్పే సాక్ష్యం సరిగ్గా ఆ మట్టిలోనే ఉంది. 1905లో మెకైవర్, 1929లో గెర్ట్రూడ్ కేటన్-థాంప్సన్ మిగిలిన పొరల్ని జాగ్రత్తగా తవ్వి, ఇది ఆఫ్రికా వాళ్ల పనే అని తేల్చారు. అయినా రొడీషియా (అప్పట్లో ఆ దేశం పేరు) తెల్లవాళ్ల ప్రభుత్వం 1970ల దాకా ఆ మాట పైకి రానివ్వలేదు. 1980లో స్వాతంత్ర్యం వచ్చాక దేశం ఆ కట్టడాల పేరే పెట్టుకుంది, అక్కడ దొరికిన రాతి పక్షిని జెండా మీద పెట్టుకుంది.

నా అభిప్రాయం ఒక్కటే. ఈ నవలలు చదవాలి, తప్పకుండా చదవాలి. కానీ పక్కన నిజమైన మ్యాప్ పెట్టుకుని చదవాలి.

---

శశిరేఖ

శ్రీను గారూ, పెన్సిల్ సంగతి చదివి చాలాసేపు అలా ఉండిపోయాను.

కానీ హాగర్డ్ తరఫున రెండు మాటలు చెప్పాలి. ఆ నవల్లో అందరికన్నా హుందాగా ఉండే మనిషి ఎవరు? కూలి కోసం వచ్చినట్టు వచ్చి, చివరికి అసలైన రాజునని బయటపడే ఉంబోపా. తెల్ల దొరల ముందు ఎక్కడా తల వంచడు. సింహాసనం ఎక్కాక తన దేశానికి ఇంకే తెల్లవాణ్ణీ రానివ్వనని, తుపాకులు, సారా పట్టుకొచ్చే వర్తకులు వద్దని తెగేసి చెబుతాడు. 1885లో, అదీ మగపిల్లల కోసం రాసిన ఇంగ్లిష్ నవల్లో, ఈ మాటలు ఒక ఆఫ్రికా రాజు నోట పలికించడం చిన్న విషయం కాదు. జూలూ సైన్యం ఇసాండ్ల్వానాలో బ్రిటిష్ పటాలాన్ని తుడిచిపెట్టి అప్పటికి ఆరేళ్లే అయింది.

అదే పుస్తకంలో ఫులాటా అనే అమ్మాయి ముగ్గురు కథానాయకుల్లో ఒకడైన కెప్టెన్ గుడ్‌ను ప్రేమిస్తుంది, అతని కోసం ప్రాణం పోగొట్టుకుంటుంది. పోతూ పోతూ, చీకటీ సూర్యుడూ కలిసి బతకలేరు కదా, నేను పోవడమే మంచిదైంది అన్న అర్థంలో మాట్లాడుతుంది. ఆ మాట ఆమెది కాదు, రచయితది. ఆమెను బతికిస్తే ఇంగ్లండు పాఠకులకు ఏం సమాధానం చెప్పాలో తెలియక చంపేశాడు. ఉంబోపాను అంత ఎత్తున నిలబెట్టిన చెయ్యే ఈ పనీ చేసింది. అందుకే ఈ రచయితను ఒక్క మాటలో మంచివాడనీ అనలేను, చెడ్డవాడనీ అనలేను.

---

ఫిజిక్స్ మాస్టారు (విశ్రాంత)

చర్చ బాగుంది పిల్లలూ. ఎవరూ గ్రహణం జోలికి పోలేదు కాబట్టి నేను చెబుతాను.

కుకువానా జనాన్ని భయపెట్టడానికి కెప్టెన్ గుడ్ పంచాంగం లాంటి పుస్తకం తీసి, రేపు గ్రహణం ఉందని చూసి, ఆకాశంలో వెలుగును ఆర్పేస్తామని బెదిరించే ఘట్టం ఉంది. మీరు ఇప్పుడు చదివే ప్రతుల్లో చాలావాటిలో అది చంద్రగ్రహణం. మొట్టమొదటి ముద్రణలో సూర్యగ్రహణం! ముందు రాత్రి నిండు వెన్నెల, మర్నాడు సూర్యగ్రహణం. అమావాస్య నాడే సూర్యగ్రహణం పడుతుందని మన పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. పైగా సంపూర్ణ గ్రహణంలో పూర్తి చీకటి ఏడున్నర నిమిషాలు దాటదు. హాగర్డ్ వర్ణించిన చీకట్లో పాత్రలు తీరిగ్గా కొండలు గుట్టలు దాటి వెళ్లిపోతాయి. తర్వాతి ముద్రణల్లో ఆయన దాన్ని చంద్రగ్రహణంగా మార్చేశాడు.

ఈ ఎత్తు కొత్తది కాదు. 1504 ఫిబ్రవరి 29న జమైకాలో కొలంబస్ చంద్రగ్రహణాన్ని అడ్డం పెట్టుకుని అక్కడి జనాన్ని బెదిరించి తిండి రాబట్టాడు. అది చరిత్ర. హాగర్డ్ తర్వాత నాలుగేళ్లకు మార్క్ ట్వైన్ కూడా దీన్నే వాడాడు.

నాకు బాధ కలిగించేది మరొకటి. ఆకాశాన్ని చూసి విత్తనాలు వేసుకునే జనానికి గ్రహణం అంటే ఏమిటో తెలియదనుకోవడం. సైంధవ వధలో కృష్ణుడు సూర్యుణ్ణి మరుగుపరిచిన కథ వింటూ పెరిగినవాళ్లం. అక్కడ మోసపోయినవాళ్లు అమాయకులు కారు, మహారథులు. ఆ కథలో ఉన్న మర్యాద ఈ నవల్లో లేదు.

---

సుజాత, మదనపల్లె

లెనిన్ సెంటర్ గారు హాగర్డ్ 1875లో నాటాల్ వెళ్లాడన్నారు. ఎవరి వెంట వెళ్లాడో చెప్పలేదు. నేను చెబుతాను, ఎందుకంటే ఆ తీగ లాగితే మా రాయలసీమ డొంక కదులుతుంది.

హాగర్డ్‌ను వెంట తీసుకెళ్లింది సర్ హెన్రీ బుల్వర్. నాటాల్‌కు లెఫ్టినెంట్ గవర్నర్‌గా వెళ్తూ, ఇరుగుపొరుగు కుటుంబం కుర్రాడని జీతం లేని సహాయకుడిగా పెట్టుకున్నాడు. ఈ బుల్వర్ బాబాయి పేరు ఎడ్వర్డ్ బుల్వర్-లిట్టన్. తొలి సైన్స్ ఫిక్షన్ గురించి మాట్లాడేవాళ్లు ఆయన పేరు వదలరు. 1871లో, పేరు వేసుకోకుండా, 'ది కమింగ్ రేస్' అనే నవల ప్రచురించాడు. గనిలోకి దిగిన ఒక అమెరికన్‌కు భూమి అడుగున ఒక నాగరికత కనబడుతుంది. వాళ్ల చేతిలో వ్రిల్ అనే శక్తి ఉంటుంది. చిన్న పిల్లవాడు కూడా చేతికర్ర ఊపి ఒక నగరాన్ని బూడిద చేయగలడు. వాళ్లకు తిండి కొరత లేదు, యుద్ధాలు లేవు, పేదలు లేరు. వాళ్లు ఎప్పుడో ఒకప్పుడు పైకి వస్తారు, వస్తే మనం మిగలం అన్న భయంతో నవల ముగుస్తుంది.

ఈయన కొడుకు రాబర్ట్ లిట్టన్. కవిత్వం రాసేవాడు. 1876 నుంచి 1880 దాకా మనకు వైస్రాయి.

మా వైపు పెద్దవాళ్లు చెప్పే ధాత కరువు ఆయన కాలానిదే. 1876లో వానలు పోయాయి. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఎండిపోయాయి. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటిస్తూ లిట్టన్ మహా దర్బారు జరిపాడు. అదే నెలలో కరువు ఖర్చు తగ్గించడానికి సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసు రాష్ట్రానికి పంపించారు. ఎండలో రాళ్లు కొట్టే కూలికి రోజుకు ఒక పౌను గింజలు, కాస్త చిల్లర చాలని ఆయన లెక్క తేల్చాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. రేవుల నుంచి ధాన్యం ఎగుమతి ఆపడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. దక్షిణాదిలో లక్షల మంది పోయారు. కోస్తా వెంట ఉన్న బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం ఆ కరువు పనుల్లో తవ్వించిందే.

తండ్రి ఊహించిన భూగర్భ జాతికి మనిషి ప్రాణం లెక్క కాదు. తక్కువ జాతులు అంతరించిపోవడం ప్రకృతి ధర్మం అన్నట్టు చల్లగా మాట్లాడతారు. కొడుకు పాలనలో మా జిల్లాల్లో జరిగింది చదివాక ఆ నవల చదివితే, అది ఊహ అనిపించదు. నేను చరిత్ర పాఠం చెప్పేటప్పుడు ఈ రెండూ కలిపే చెబుతాను.

---

రేపల్లె రవి

సుజాత గారూ, ఒకే కుటుంబం! ఇది నాకు అస్సలు తెలియదు. ధన్యవాదాలండీ.

మన దేశం గురించి ఈ నవలల్లో ఇంకెక్కడైనా ఉందా? ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ సృష్టించిన కెప్టెన్ నీమో భారతీయుడంటారు. నేను చదివిన 'ఇరవై వేల లీగులు' పుస్తకంలో అలాంటిదేమీ కనబడలేదు.

---

లెనిన్ సెంటర్ పాత పుస్తకాలు

రవి గారూ, మీరు చదివినదాంట్లో నీమో తన ఊరు పేరు చెప్పడు. కానీ ఆనవాళ్లున్నాయి. నీమో జలాంతర్గామి నాటిలస్ మన బంగాళాఖాతం దాటుతుంది. గంగ మోసుకొచ్చిన శవాలు సముద్రంలో తేలుతూ ఎదురవుతాయి. సింహళం దగ్గర ముత్యాల కోసం మునిగిన ఒక పేదవాడి మీదికి సొరచేప వస్తే, నీమో బాకు దూసి అడ్డం పడతాడు. అతన్ని పైకి తెచ్చి, స్పృహ వచ్చాక ముత్యాల సంచి చేతిలో పెడతాడు. ఎందుకిలా చేశారని అడిగిన ప్రొఫెసర్‌తో, ఆ మనిషి పీడితుల దేశం వాడు, ఆఖరి ఊపిరి దాకా నాదీ ఆ దేశమే అంటాడు. నాకు ఆ నవల మొత్తంలో ఇష్టమైన చోటు అదే.

నిజం బయటపడేది 1875 నాటికి పూర్తయిన 'ది మిస్టీరియస్ ఐలండ్'లో. నీమో అసలు పేరు డకార్. బుందేల్‌ఖండ్ రాజకుమారుడు, టిప్పు సుల్తాన్‌కు మేనల్లుడి వరస. 1857లో కత్తి పట్టాడు, భార్యాబిడ్డలను పోగొట్టుకున్నాడు, అన్నీ వదిలి సముద్రం అడుగుకు వెళ్లిపోయాడు. వెర్న్ మొదట అనుకున్నది పోలండ్ వాణ్ణి, రష్యా సైన్యం చేతిలో కుటుంబం పోగొట్టుకున్నవాణ్ణి. అలాగైతే రష్యాలో పుస్తకాలు అమ్ముడుపోవని ప్రచురణకర్త ఎట్జెల్ అడ్డుపడ్డాడు.

ఇప్పుడు అసలు అన్యాయం వినండి. ఆ నవల 1875లో కింగ్‌స్టన్ అనే అనువాదకుడి పేరుతో ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు డకార్ కథ ఉన్న పేజీలను తిరగరాశారు. వెర్న్ ఫ్రెంచిలో రాసింది ఇంగ్లిష్ వాళ్ల కాడి భారతీయుల మెడ మీద మోయలేనంత బరువైందని, డకార్ ఆ కోపానికి గొంతుక అయ్యాడని. ఇంగ్లిష్ పుస్తకంలో అచ్చయింది ఏమిటంటే, ఇంగ్లిష్ వాళ్లు దేశాన్ని అరాచకం నుంచి కాపాడి శాంతి, సంపద తెచ్చారనీ, స్వార్థపరులైన రాజులు జనాన్ని రెచ్చగొట్టారనీ! నూరేళ్లకు పైగా మన దేశంలో లైబ్రరీల్లో, స్కూళ్లలో తిరిగింది ఈ పుస్తకమే. ఫ్రెంచి రచయిత మన పక్షాన రాసిన మాటలు మన దాకా రానే లేదు.

ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరికే కింగ్‌స్టన్ ప్రతి కూడా ఇదే. కొనేటట్లయితే 2001లో వచ్చిన కొత్త అనువాదాలు, జోర్డన్ స్టంప్‌ది గానీ సిడ్నీ క్రావిట్జ్‌ది గానీ కొనండి. పాత సంపుటాలు నా దగ్గర కట్టలు కట్టలుగా ఉన్నాయి. అవి అమ్ముకోవచ్చు, కానీ ఇది చెప్పకుండా అమ్మలేను.

---

హరి, శాన్ హోసే

నేను కొంచెం వేరుగా చెబుతాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు.

ఈ పుస్తకాలు నాకు పదమూడేళ్లప్పుడు దొరికాయి. వాటి వల్లే నేను జియాలజీ చదివాను. కోనన్ డాయిల్ 'ది లాస్ట్ వరల్డ్'లో ప్రొఫెసర్ ఛాలెంజర్ దక్షిణ అమెరికాలో డైనోసార్లు బతికున్న పీఠభూమి కింద నిలబడి రాతి పొరల గురించి వాదించే పేజీలు చదివాకే రాళ్ల మీద ఆసక్తి పుట్టింది. (అది 1912 నాటిది, విక్టోరియా పోయి అప్పటికే 11 ఏళ్లు. కానీ వాసన అదే.) వెనిజులా, గయానా, బ్రెజిల్ సరిహద్దులు కలిసేచోట రొరైమా అనే బల్లపరుపు కొండ ఉంది. 1884లో ఇమ్ తుర్న్ అనే ఆయన ఎక్కే వరకు దాని పైకి ఎక్కడం అసాధ్యం అనుకునేవారు. పైన డైనోసార్లు లేవు గానీ నల్లటి చిన్న కప్ప ఒకటి ఉంది. గెంతలేదు, పాకుతుంది. ఆ కొండల మీద తప్ప ఇంకెక్కడా ఉండదు. కొండ చుట్టూ నిట్టనిలువు గోడలు కాబట్టి పైన జీవులు విడిగా పరిణామం చెందుతాయన్న డాయిల్ ఊహలో సైన్సు నిజం.

పదమూడేళ్ల పిల్లవాడికి ఇంత రాజకీయం ముందే చెబితే ఆ పులకరింత పోతుందేమో అని నా భయం. మా అబ్బాయికి ఇప్పుడు పన్నెండు. వాడు ముందు ఆ కొండ ఎక్కనీ అని ఉంది.

---

డర్బన్ నుంచి శ్రీను

హరి గారూ, మీ భయం నాకు అర్థమైంది. మా అమ్మాయితో నాకూ ఇదే సమస్య. ఆమె ఇక్కడ స్కూల్లో జూలూ పిల్లల పక్కన కూర్చుని చదువుతుంది. హాగర్డ్ నవల్లో గగూల్ అనే ముసలి మంత్రగత్తెను కోతితో పోల్చే పేజీలు ఆమె పక్కన కూర్చున్న అమ్మాయి చదివితే ఎలా ఉంటుంది? ఆ పులకరింత ఇద్దరికీ ఒకేలా ఉండదు కదా.

మీరు చెప్పిన 'ది లాస్ట్ వరల్డ్'లోనే, వానర మనుషుల మీద యుద్ధం గెలిచాక మగవాళ్లందర్నీ చంపేసి, ఆడవాళ్లనూ పిల్లల్నీ బానిసలుగా తోలుకుపోతారు. మన కథానాయకులు దాన్ని మానవజాతి గెలుపుగా చూస్తారు. విచిత్రం ఏమిటంటే రాసిన డాయిల్ మూడేళ్ల ముందు, 1909లో, కాంగోలో బెల్జియం రాజు చేయించిన హత్యాకాండ మీద నిప్పులు చెరుగుతూ ఒక పుస్తకం రాశాడు. లార్డ్ జాన్ రాక్స్‌టన్ పాత్రకు కొంత మూలం ఆ ఘోరాలను బయటపెట్టిన రోజర్ కేస్‌మెంట్.

పన్నెండేళ్ల పిల్లవాడికైతే నేను హెచ్.జి. వెల్స్‌తో మొదలుపెట్టమంటాను. 1898 నాటి 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' మొదటి అధ్యాయంలోనే ఆయన తన పాఠకులను నిలదీస్తాడు. భూమి మీదికి దండెత్తిన అంగారకుల్ని క్రూరులనే ముందు, యాభై ఏళ్లలో ఆస్ట్రేలియా పక్క దీవి టాస్మేనియా జనాన్ని మనం ఎలా తుడిచిపెట్టామో గుర్తు తెచ్చుకోండి అంటాడు. ఆ ఆలోచన వచ్చింది కూడా వాళ్లన్నయ్య ఫ్రాంక్‌తో కలిసి సర్రీ పల్లెల్లో నడుస్తూ టాస్మేనియా గురించి మాట్లాడుకుంటున్నప్పుడే. ఆకాశం నుంచి ఎవరో వచ్చి మన మీద పడితే? అంతే, కథ తిరగబడింది. వెతుక్కుంటూ వెళ్లేవాళ్లు ఇప్పుడు తరిమివేయబడే జనం. అందులో పులకరింతకు లోటు లేదు, థేమ్స్ ఒడ్డున మూడు కాళ్ల యంత్రాలు నడిచి వస్తుంటే ఏ పిల్లవాడికైనా గుండె ఆగుతుంది.

---

ఫిజిక్స్ మాస్టారు (విశ్రాంత)

వెల్స్ పేరు ఎత్తారు కాబట్టి 'ది టైమ్ మెషీన్' (1895) గురించి ఒక మాట. 'ఆదిత్య 369'కు ప్రేరణ ఈ నవలే అని సింగీతం గారు చెప్పారు కాబట్టి మనవాళ్లకు పరిచయమే. 8,02,701వ సంవత్సరం, పైన ఆడుకునే ఎలోయ్‌లు, కింద యంత్రాల మధ్య బతికే మోర్లాక్‌లు, ఇదంతా అందరూ చెబుతారు. నేను పిల్లలకు ఎప్పుడూ చివరి ప్రయాణం చదివి వినిపించేవాణ్ణి. మూడు కోట్ల సంవత్సరాల తర్వాత ఒక సముద్రపు ఒడ్డు. ఎర్రగా ఉబ్బి కదలకుండా నిలబడ్డ సూర్యుడు. చలి, పాకుడు. అంతకు ముందు కనిపించిన రాకాసి పీతలూ లేవు. మనిషి జాడే లేదు.

మూడు కోట్ల ఏళ్లకే సూర్యుడు ఎందుకు ఆరిపోయాడు? అప్పటికి లార్డ్ కెల్విన్ లెక్క ప్రకారం సూర్యుడు తన బరువుకు తాను కుంచించుకుంటూ వేడి పుట్టిస్తున్నాడు, ఆ లెక్కన ఆయుష్షు కొద్ది కోట్ల ఏళ్లే. నవల వచ్చిన మరుసటి ఏడాది, 1896లో, బెకెరెల్ రేడియోధార్మికత కనిపెట్టాడు. ఆ తర్వాత పరమాణు కేంద్రకం సంగతి తెలిసింది, సూర్యుడి ఆయుష్షు వెయ్యి కోట్ల సంవత్సరాల లెక్కకు చేరింది. వెల్స్ లండన్‌లో టి.హెచ్. హక్స్‌లీ దగ్గర జీవశాస్త్రం చదువుకున్నవాడు. తన కాలపు సైన్సును ఎక్కడా వదల్లేదు. హరి గారూ, మీ అబ్బాయితో ఈ లెక్క చేయించండి. మీరన్న పులకరింత లెక్కలోనూ ఉంది.

---

శశిరేఖ

మగవాళ్ల సాహసాలే మాట్లాడుకుంటున్నాం. క్వాటర్‌మెయిన్ మొదట్లోనే చెప్పేస్తాడు, ఈ కథ మొత్తంలో లంగా కట్టిన మనిషి కనబడదని! 'షీ'లో అయేషా ఉంది, రెండు వేల ఏళ్లుగా ప్రియుడి కోసం ఎదురుచూస్తున్న మహారాణి. కానీ ఆమె శక్తిని చూసి రచయితే భయపడ్డాడు. ఇంగ్లండు వచ్చి ఏలుతుందేమో అన్న ఆలోచన రాగానే అగ్నిలో కాల్చి, ముడుచుకుపోయిన కోతిలా చేసి చంపాడు.

అందుకే నేను ఈ జాబితాలో ఒకటి చేర్చాలి. రొకియా సఖావత్ హుసేన్ రాసిన 'సుల్తానాస్ డ్రీమ్'. 1905లో మద్రాసు నుంచి వెలువడే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో వచ్చింది. ఆ పత్రిక నడిపిన కమలా సత్యనాథన్ మన రాజమండ్రి ఆడపడుచు. కథలో ఒక దేశం ఉంటుంది. మగవాళ్లు ఘోషాలో ఉంటారు, వంటిళ్లు చూసుకుంటారు. స్త్రీల విశ్వవిద్యాలయాల్లో ఒకటి మబ్బుల నుంచి నేరుగా నీళ్లు దింపుకుంటుంది, మరొకటి ఎండ వేడిని నిల్వ చేస్తుంది. శత్రువు దండెత్తితే మగ సైన్యం ఓడిపోయాక, ఆ ఎండనే శత్రువు మీదికి తిప్పి తరిమేస్తారు. అక్కడికి వెళ్లిన సుల్తానా ఏ వజ్రాల గనీ వెతకదు. వాళ్లు ఎలా బతుకుతున్నారో అడిగి తెలుసుకుంటుంది, అంతే.

హాగర్డ్ నవల తర్వాత ఇరవై ఏళ్లకే, మన దక్షిణాది పత్రికలో, ఒక బెంగాలీ ముస్లిం యువతి ఇది రాసింది. సైన్స్ ఫిక్షన్ చరిత్ర చెప్పేవాళ్లు వెర్న్, వెల్స్ పక్కన ఈ పేరు రాయకపోతే ఆ చరిత్ర సగమే.

---

సుజాత, మదనపల్లె

శశిరేఖ గారూ, మా తొమ్మిదో తరగతి అమ్మాయిలకు ఆ కథ చదివి వినిపించాను. వంటింట్లో ధూమం, బొగ్గు మసి లేకుండా ఎండతోనే వంట చేస్తారన్న చోట వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి 'మేడమ్, అది సోలార్ కుక్కరే కదా' అంది. క్లాసంతా కథలోకి వచ్చేసింది.

తెలుగులో ఈ రుచి కావాలంటే చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్ ఉన్నాయి. 'శిథిలాలయం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం'. చిత్రా గారి బొమ్మలతో. అడవి, శిథిలం, నిధి అన్నీ ఉంటాయి, కానీ వెతికేవాళ్లూ ఆ నేల మీదివాళ్లే. ఎక్కణ్ణుంచో వచ్చి 'ఇది మీరు కట్టింది కాదు' అనే మనిషి వాటిలో ఉండడు.

---

హరి, శాన్ హోసే

శ్రీను గారూ, మాస్టారూ, అందరికీ కృతజ్ఞతలు. మావాడితో 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' మొదలుపెట్టాను. మొదటి అధ్యాయం బిగ్గరగా చదివాను. టాస్మేనియా వాక్యం దగ్గర ఆపి మ్యాప్ తీయమన్నాడు, నేనేమీ చెప్పకముందే. 'ది లాస్ట్ వరల్డ్' ఆ తర్వాత ఇస్తాను. వానర మనుషుల యుద్ధం దగ్గర పక్కన కూర్చుంటాను.

---

రేపల్లె రవి

నేను అడిగింది ఒకటి, దొరికింది పది. నా వరస ఇలా పెట్టుకున్నాను: ముందు 'సుల్తానాస్ డ్రీమ్', తర్వాత వెల్స్‌వి రెండు, తర్వాత 'ది కమింగ్ రేస్'.

లెనిన్ సెంటర్ గారూ, 'ది మిస్టీరియస్ ఐలండ్' 2001 అనువాదం మీ దగ్గర ఉంటే ఒకటి పక్కన పెట్టండి, ఆదివారం బెజవాడ వస్తున్నాను. వెర్న్ మన దేశంలోనే నడిపిన 'ది స్టీమ్ హౌస్' (1880) కూడా ఉందని విన్నాను, ఆవిరితో నడిచే ఇనప ఏనుగు, నానా సాహెబ్ వేట. అది కూడా ఉందా?

---

లెనిన్ సెంటర్ పాత పుస్తకాలు

మిస్టీరియస్ ఐలండ్ జోర్డన్ స్టంప్‌ది ఒక్క ప్రతి ఉంది, మీ పేరు రాసి పక్కన పెట్టాను. ఏనుగు పుస్తకం పాతది, రెండు భాగాలు, అట్ట ఊడింది గానీ పేజీలన్నీ ఉన్నాయి. అందులో 1857 గురించి ఇంగ్లిష్ కల్నల్ వైపు కథ ఒకటి, నానా సాహెబ్ మనసులో ఉన్నది మరొకటి, రెండూ వినిపిస్తాయి. మీరు చదివి రాయండి, దానికి కొత్త చర్చ తెరుద్దాం. పదకొండింటి తర్వాత రండి, అప్పటికి షాపు తీస్తాను.